పాట ముందు వచ్చింది

రెగె అనే జమైకా బాణీని గూర్చి విననివారు మన చదువరులలో తక్కువే. 1948 మొదలు ఓడలెక్కి ఇంగ్లండు చేరిన వెస్టిండీసు వారి వెంట ఆ ద్వీపాల పాట కూడా వెళ్ళింది. 1969లో డెస్మండ్ డెకర్ పాడిన ‘ఇజ్రాయిలైట్స్’ రికార్డు బ్రిటనులో అమ్మకాలలో మొదటి స్థానానికి ఎక్కింది.

సరే, ఆ యేడు అక్కడి టెలివిజన్ సంగతేమిటి? బి.బి.సి. వారు తెల్ల గాయకుల ముఖాలకు మసి పూసి, నల్లవారని ఆడించి పాడించే ‘బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో’ చూపిస్తున్నారు! 1958లో మొదలుపెట్టారు. 1967లో వర్ణవివక్షను ఎదిరించే సంఘంవారు దాన్ని ఆపమని మహజరు పంపుకున్నారు. అయినా 1978 దాకా సాగింది. రికార్డుకు అసలు మనిషి గొంతు కావాలి, తెర మీద ముఖానికి మాత్రం మసి చాలు! పెట్టె ముందు కూర్చున్న నల్ల పిల్లవాడికి తన పోలిక అందులో కనబడితే ఎట్లా వుంటుంది? పరాయి సీమలో కాపురాలున్న మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదనుకుంటాము.

ఆ 1978లోనే బి.బి.సి. వారు ‘ఎంపైర్ రోడ్’ అనే ధారావాహికం కూడా మొదలుపెట్టడం చిత్రం. బర్మింగ్‌హాములో నడిచే కథ. వ్రాసినది మైకేల్ అబెన్‌సెట్స్, ముఖ్యపాత్ర నార్మన్ బీటన్. ఇద్దరూ గయానాలో పుట్టినవారే. (మన మద్రాసు రేవు నుండి తెలుగు కూలీలు కూడా వెళ్ళిన గయానాయే.) బీటన్ వేసిన వేషం దొంగదీ కాదు, నౌకరుదీ కాదు, ఇళ్ళు అద్దెలకిచ్చే పెద్దమనిషిది. శీర్షిక పాట మటుంబి అనే రెగె బృందానిది. రెండు విడతలతో, 1979లో, ఆపివేశారు. మసి ముఖాలకు ఇరవై యేళ్ళు, వీరికి రెండేళ్ళు. ఈ లెక్క మా గుమాస్తా బుద్ధికి మింగుడుపడదు.

తరువాత 1989 నుండి 1994 వరకు ఛానల్ ఫోర్‌లో ‘డెస్మండ్స్’ వచ్చింది. అందులో క్షౌరశాల యజమాని కూడా బీటనే. హాయిగా నవ్వించాడు.

మాకు ఎక్కువగా నచ్చినది 2020లో బి.బి.సి. చూపిన ‘లవర్స్ రాక్’. తీసినవాడు స్టీవ్ మెక్వీన్. 1980 నాటి లండనులో, ఒక ఇంట్లో, ఒక రాత్రి విందు, అంతే కథ. బయటి నృత్యశాలలలో నల్లవారిని గుమ్మంలోనే ఆపివేసేవారు గనుక ఇళ్ళలోనే సామాన్లు పక్కకు జరిపి, పెద్ద స్పీకర్లు పెట్టుకొనేవారు. వంటింట్లో ఆడవాళ్ళు వండుతూ పాడుకుంటారు. రాత్రి ముదిరాక 1979లో జానెట్ కే పాడిన ‘సిల్లీ గేమ్స్’ వేస్తారు. రికార్డు అయిపోతుంది. ఎవరూ కదలరు. వాద్యం లేకుండానే, పాదాలు నేలకు తాటిస్తూ, గదిలోవారంతా ఆ పాటనే మళ్ళీ అందుకుంటారు. నిమిషాల తరబడి కెమెరా వాళ్ళ ముఖాలనే చూస్తుంది.

ఆ పాట కట్టిన డెనిస్ బోవెల్ కూడా ఆ గుంపులో నిలబడి పాడుతూ కనబడతాడు. ‘ఎంపైర్ రోడ్’కు శీర్షిక పాట ఇచ్చిన మటుంబి ఆయన బృందమే.