ఎద్దుల బండికున్న బ్రేకు ట్రాలీకి ఏదీ?

మామిడి రైతులారా, ట్రాక్టరు యజమానులారా, డ్రైవరన్నలారా!

మొన్న రాత్రి ఇంకో పిల్లోడు పోయినాడు. రోడ్డు అంచున చీకట్లో నిలబడిన తోతాపురి మామిడి ట్రాలీ కిందికి మోటారు సైకిలు దూరింది. ట్రాలీకి లైటు లేదు, రేడియం లేదు. చక్రాల కింద రెండు రాళ్లు మాత్రం ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో ఆ తల్లి అన్నది ఒక్కటే: "దీపం ఉండుంటే చూసుకునేవాడు గదా సామీ!"

ఇంటికొచ్చి టార్చి వేసి నా ట్రాలీ చూసుకున్నాను. ఎర్ర లైటు ఉండాల్సిన చోట బొక్క, అందులో తెగిన వైర్లు. ఈ కరపత్రానికి కారణం అదే.

మన పాత ట్రాక్టరు బరువు రెండు టన్నులు. దాని వెనక అయిదారు టన్నుల కాయ. బ్రేకులు ఇంజను వెనక చక్రాలకే. అవీ కుడికొకటి, ఎడమకొకటి. దుక్కిలో మలుపు తిరగడానికి అట్లా పెట్టారు. రోడ్డెక్కితే రెండు పెడళ్లనూ కలిపి గొళ్లెం వేయాలి. వేయకుండా ఒకటే తొక్కితే బండి ఒక పక్కకు లాగేస్తుంది. ట్రాలీకి సొంత బ్రేకు లేదు కాబట్టి ఇంజను ఆగినా అది ఆగదు. తోస్తుంది. అడ్డం తిరిగి ఇంజన్నే బోల్తా కొడుతుంది. డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసేవాళ్లు ఇంజను ఇచ్చే ఆ కాస్త పట్టునూ వదిలేస్తున్నారు. ఇదంతా మీకు తెలుసు. తెలిసే తోలుతున్నాం.

మన తాతల ఎద్దుల బండికి దిగుడులో చక్రాన్ని ఒరుసుకునే బ్రేకు కట్టె ఉండేది. చీకటి పడితే ఇరుసు కింద లాంతరు వేలాడేది. నూనె లేకపోతే బండి కట్టేవాళ్లు కాదు. డీజిలు బండి వచ్చింది, కట్టె పోయింది, లాంతరూ పోయింది. దీన్ని అభివృద్ధి అంటున్నాం!

2022 మార్చిలో భాకరాపేట ఘాటులో బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాటులో బస్సూ లారీలూ గుద్దుకున్నాయి. రాష్ట్రమంతా చూసింది. ట్రాలీ వెనక ఒక్కడు పోతే జిల్లా పేజీలో నాలుగు లైన్లు. మరుసటి రోజు ఆ రాళ్లు రోడ్డు మీదే ఉంటాయి, ఇంకొకడి కోసం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తప్పంతా డ్రైవరుదే అంటారు. ఒప్పుకోను. ఆ ట్రాలీని రాత్రిపూట రోడ్డు మీద నిలబెట్టింది ఎవరు? 2025 సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎంత పొడుగున, ఎన్ని పగళ్లు, ఎన్ని రాత్రులు నిలబడ్డాయో చూడనివాళ్లు ఈ జిల్లాలో ఉన్నారా? కాయ మెత్తబడిపోయింది. డ్రైవర్లు ట్రాలీల కిందే పడుకున్నారు. పక్కనుంచి లారీలు పోతూనే ఉన్నాయి. కోట్ల రూపాయల యంత్రాలు పెట్టినవాళ్లకు వరుసను లోపల నిలుపుకోవడానికి నాలుగెకరాల జాగా దొరకలేదట! ప్రభుత్వ రోడ్డే వాళ్ల పార్కింగు. మన ప్రాణాలే దానికి కట్టే బాడిగ.

గేటు లోపల కాటా ఉంది. మన కాయలో కుళ్లు ఎంతో, తరుగు ఎంతో కిలోతో సహా చెబుతుంది. ఆ కాటాకు ట్రాలీ మోయాల్సిన దానికంటే రెండు టన్నులు ఎక్కువ మోసిందని తెలియదా? చీటీ మీద అచ్చువేసి ఇచ్చేది వాళ్లే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకూ 2,000. అది నడిపినవాడికే కాదు, నడిపించినవాడికీ వర్తిస్తుంది. నడిపించినవాడి గేటు దగ్గర ఎవరైనా ఎప్పుడైనా రసీదు రాశారా? రాయరు. సందు మలుపులో డ్రైవరును ఆపడమే సులువు.

లైటుకూ బ్రేకుకూ అయ్యే ఖర్చు రైతు భరించలేడంటారా? 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు. ఫ్యాక్టరీ వాటా లెక్కనే అయిదు టన్నులకు 40,000. రేడియం పట్టీ ఖర్చు అందులో ఏ మూలకు? బ్రేకుకు ఖర్చవుతుంది, నిజమే. అందుకే సబ్సిడీ అడుగుతున్నాం. ఇక "ఇన్నేళ్లూ తోలాం, ఏం కాలేదు" అనేవాళ్లు ఆ తల్లి ముందు నిలబడి అనండి.

వచ్చే జూన్‌లో మొదటి లోడు కదిలేలోగా మనకు కావలసినవి ఇవి:

1. వెనక లైటు, రేడియం పట్టీ, కొండీకి పిన్నుతో పాటు గొలుసు లేని ట్రాలీకి ఏ ఫ్యాక్టరీ టోకెన్ ఇవ్వకూడదు. లేనివాటికి గేటు దగ్గరే అమర్చాలి.

2. వరుస రోడ్డు మీద ఉండకూడదు. జాగా చూపని ఫ్యాక్టరీ కాయ కొనకూడదు.

3. అధిక లోడు చీటీ పడితే జరిమానాలో ఫ్యాక్టరీకీ భాగం వేయాలి.

4. బ్రేకు లేని కొత్త ట్రాలీని ఏ షెడ్డులోనూ అమ్మనివ్వకూడదు. పాతవాటికి బ్రేకు బిగించడానికి సబ్సిడీ ఇవ్వాలి.

అంతవరకూ చేతులు ముడుచుకోవద్దు. మీ ఊళ్లో లైటు లేని ట్రాలీకి కాయ ఎత్తకండి. బండి కదిలేటప్పుడు రాళ్లు తీసి పక్కన వేయండి. నా ట్రాలీకి నిన్న ఎర్ర లైటు బిగించాను. పని గంటలోపే అయిపోయింది. ఆ గంట నాకు ఇన్నేళ్లుగా దొరకలేదు.

ఇట్లు,
ట్రాలీ ఉన్న ఒక మామిడి రైతు