కప్పు ఉంటే తెరవండి, లేకుంటే మైదానంలోనే పెట్టండి

పోస్టు పొడుగుంది. చాయ్ పెట్టుకుని తీరికగా చదవండి, కానీ ఆదివారం మీటింగ్‌కు ముందే చదవండి.

గణపతి పండుగకు మనం పెట్టే లేజిం, హల్గీ, ఢోల్ పోటీలను ఈసారి మైదానం నుంచి ఏసీ మంగళ కార్యాలయంలోకి మార్చాలని కార్యవర్గం ముందు ప్రతిపాదన ఉంది. దానికి సాక్ష్యంగా గ్రూపులో ఒక అమెరికా వీడియో తిరుగుతోంది. పెద్ద స్టేడియం, పైన కప్పు, కింద వందమందికి పైగా పిల్లలు బాకాలు, డ్రమ్ములు వాయిస్తూ కవాతు చేస్తుంటారు. "అంత పెద్ద దేశం వాళ్లే కప్పు కిందికి పోయారు, మనమెందుకు ఎండలో వానలో నిలబడాలి?" అని వాదన.

మంచిది. అమెరికా వాళ్ల సంగతే మాట్లాడుకుందాం. అయితే సగం కాదు, మొత్తం మాట్లాడుకుందాం.

ఆ వీడియోలోది ఇండియానాపొలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియం. 2008లో తెరిచారు. దాని కప్పు రెండు పలకలుగా పక్కలకు జరుగుతుంది, సుమారు పది నిమిషాల్లో ఆకాశం కనిపిస్తుంది. అక్కడ జరిగేది డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ వారి ఫైనల్స్. 2009 నుంచి ఈ ఫైనల్స్‌కు అదే ఇల్లు. అంతకుముందు ఏమిటో వీడియో పంపినవాళ్లు చెప్పలేదు. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ అనే చిన్న ఊళ్లో మొదటి ఫైనల్స్ జరిగాయి. ఆ తర్వాత దాదాపు అన్నీ ఆరుబయటి స్టేడియాల్లోనే, ఊరూరా తిరుగుతూ జరిగాయి. కెనడాలోని మాంట్రియల్‌కు పోయాయి, మాడిసన్‌కు మళ్లీ మళ్లీ పోయాయి, 2007లో పసడీనాలోని రోజ్ బౌల్‌కు పోయాయి. కప్పు దొరికింది, తిరగడం ఆగింది. ఊరంతా తిరిగే రథాన్ని ఒక్క గల్లీలో నిలబెట్టి "దర్శనానికి మీరే రండి" అన్నట్టయింది.

ఈ డ్రమ్ కోర్లు ఎక్కడ పుట్టాయి? మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు, చర్చిలు, స్కౌట్ దళాలు వీధి పిల్లల్ని పోగేసి బ్యూగిళ్లు, డ్రమ్ములు చేతికిచ్చి ఊరేగింపుల్లో నడిపించిన దగ్గర. అంటే అచ్చంగా మన మండళ్ల కథే. వీధి కోసం, దూరం కోసం, ఆకాశం కోసం తయారైన చప్పుడు అది. బాకా నోరు ముందుకు తిప్పి ఊదుతారు, శబ్దం మైదానం దాటి జనం దాకా పోవాలని.

ఇప్పుడు లెక్క చూడండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వాళ్ల మైదానం పొడవు వంద గజాలు, అంటే 91 మీటర్లు. ఆ చివర కొట్టిన దెబ్బ ఈ చివరకు చేరడానికి పావు సెకను పైనే పడుతుంది. నిమిషానికి 180 దెబ్బల వేగంలో ఆడుతున్నప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది సెకనులో మూడో వంతు మాత్రమే. అందుకే ఆ పిల్లలు ఎదుటి చివర వినిపించేదాన్ని నమ్మరు. మేజర్ చేతిని చూస్తారు, వెనకనుంచి వచ్చే డ్రమ్ములకు చెవి కలుపుతారు. ఇది ఆరుబయటే ఇంత కష్టం. ఇక కప్పు మూసేయండి. ఎదురు గోడ వంద మీటర్ల దూరంలో ఉంటే అక్కడ తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనికి అర సెకను దాటుతుంది. అంటే దాదాపు రెండు దెబ్బలు ఆలస్యంగా పాత దెబ్బ మళ్లీ చెవిలో పడుతుంది. ఆరుబయట పైకి పోయిన చప్పుడు పైకే పోతుంది. కప్పు కింద ఇనుము, కాంక్రీటు, అద్దం దాన్ని తిప్పి తిప్పి కొడతాయి. నెలల తరబడి అరగదీసి నేర్చుకున్న శుభ్రమైన వాయింపు బురదలో వేసినట్టవుతుంది.

వాయిద్యం సంగతి కూడా వినండి. ఇత్తడి బాకా వేడిలో శ్రుతి పెరుగుతుంది, చల్లదనంలో దిగుతుంది. పిల్లలు ఆగస్టు వేడిలో బయట పార్కింగ్‌లో శ్రుతి చేసుకుని ఏసీ లోపలికి నడుస్తారు. పోయాక ఏమవుతుందో మన నాదస్వరం వాయించే ఎవరినడిగినా చెబుతారు. ఇంకో తమాషా ఉంది. అసలైన రసికులు చాలామంది ఆ పార్కింగ్‌లోనే గుంపులు కడతారు. డ్రమ్ముల వరుస వార్మప్ చేస్తుంటే చుట్టూ మూగి, చేతికందేంత దూరంలో నిలబడి వింటారు. లోపలున్న ఖరీదైన సీటులో దొరకని స్పష్టత బయట తారు రోడ్డు మీద దొరుకుతుంది. కప్పు మీద ఇంతకంటే పెద్ద తీర్పు ఏం కావాలి?

"మరి పిల్లల ఆరోగ్యం?" అంటారు. ఇది గట్టి ప్రశ్న, దాటేయను. పిడుగులు పడుతుంటే చేతిలో ఇత్తడి పట్టుకుని ఎవరినీ మైదానంలో నిలబెట్టకూడదు. వడదెబ్బ తగిలితే ప్రాణమే పోవచ్చు. నవంబర్‌లో అదే స్టేడియంలో హైస్కూల్ బ్యాండ్ల జాతీయ పోటీలు జరుగుతాయి, బ్యాండ్స్ ఆఫ్ అమెరికా వాళ్లవి. ఆ చలిలో కప్పు మూస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ డ్రమ్ కోర్ పిల్లల వేసవి ఎలా గడుస్తుందో చూడండి. బస్సుల్లో ఊరూరా తిరుగుతారు, బడుల జిమ్ నేల మీద పడుకుంటారు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఎండలోనే ప్రాక్టీస్ చేస్తారు. చివరికి పది పన్నెండు నిమిషాల ప్రదర్శన ఏసీలో. రోజంతా ఎండలో ఉన్న పిల్లకు ఆ పన్నెండు నిమిషాల చల్లదనం ఆరోగ్య రక్షణ ఎట్లా అవుతుంది? నిజంగా పిల్లల మీద ప్రేమ ఉంటే ప్రాక్టీస్ దగ్గర నీడ పెట్టాలి, నీళ్లు పెట్టాలి, డాక్టర్‌ను పెట్టాలి. ఆ ఏసీ జనం కోసం, టికెట్ కొన్నవాడి కోసం, షెడ్యూల్ తప్పకూడదన్న నిర్వాహకుడి కోసం. ఆ మాట తిన్నగా చెప్పండి, వింటాం. పిల్లల్ని అడ్డం పెట్టుకోవద్దు.

నేను కప్పుకు శత్రువును కాను. కప్పు తెరుచుకునేలా కట్టి, మూసి ఉంచడమే అలవాటు చేసుకోవడానికి శత్రువును. వింబుల్డన్‌ను చూడండి. 2009లోనే, అంటే డ్రమ్ కోర్లు ఇండియానాపొలిస్ చేరిన ఏడాదే, సెంటర్ కోర్టుకు కదిలే కప్పు వచ్చింది. అయినా వాళ్లు తమది ఆరుబయట, పగటిపూట జరిగే పోటీ అనే మాట వదల్లేదు. వాన పడితే మూస్తారు, వెలుతురు చాలకపోతే మూస్తారు, మామూలుగా తెరిచే ఉంచుతారు. అమెరికా ఫుట్‌బాల్ లీగ్‌కూ నియమం ఉంది: ఆట మొదలవడానికి 90 నిమిషాల ముందే కప్పు సంగతి సొంత జట్టు తేల్చాలి. చూశారా, ఆటవాళ్లు కప్పును ఒక నిర్ణయంగా చూస్తారు. సంగీతం దగ్గరికి వచ్చేసరికి అది గోడలాంటి వస్తువు అయిపోయింది, ఎవరూ అడగరు.

ఇంకో సంగతి. హాల్లో వాయించడమే తప్పని కూడా అనను. అమెరికాలోనే వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్ అని ఉంది. 1977లో మొదలైంది, 1993 నుంచి డ్రమ్ముల పోటీలు కూడా పెడుతోంది. అది హాలు కోసమే పుట్టిన కళ. చిన్న జట్లు, కింద పరిచే సొంత తివాచీ, హాలు కొలతకు తగిన అడుగులు, హాలుకు తగిన వాయింపు. అది న్యాయం. హాలుకు హాలు కళ చేయండి. మైదానం కళను తెచ్చి హాల్లో కుక్కి, "ఇదీ అదే" అనడం అన్యాయం.

ఇక మన షోలాపూర్‌కు వద్దాం.

మొదటిది వాన. కరువు జిల్లాలో కూర్చుని వానకు భయపడి హాలు బుక్ చేస్తున్న సంఘం మనదే అయ్యుంటుంది! భాద్రపదంలో వాన రాదని కాదు. వస్తే మరుసటి రోజు పెట్టుకుందాం. రెండు తేదీలకు మైదానం పర్మిషన్ తీసుకోవడం హాలు అద్దె కంటే చవక.

రెండోది చప్పుడు. మన హాలు పొడవు 30 మీటర్లనుకుందాం. గోడకు తగిలి వచ్చే చప్పుడు సెకనులో ఆరో వంతుకు పైగా ఆలస్యంగా వస్తుంది. లేజిం దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను ఉంటుంది. అంటే ప్రతి దెబ్బలో మూడో వంతు దగ్గర పాత దెబ్బ వచ్చి అడ్డం పడుతుంది. నలభై లేజింల బిళ్లలు ఒక్కసారి ఝల్లుమనడమే ఆ ఆట ప్రాణం. హాల్లో అది రేకు డబ్బాలో చిల్లర పోసి ఊపినట్టుంటుంది. పైగా పది ఢోళ్లు మూసిన గదిలో మోగితే ముందు వరుసలో కూర్చున్న పెద్దల చెవులు ఏమవుతాయి? ఆరుబయట దూరం పోయేకొద్దీ చప్పుడు తగ్గుతుంది, ఇష్టమున్నవాడు నాలుగడుగులు వెనక్కి జరుగుతాడు. హాల్లో ఎక్కడికి జరుగుతాడు?

మూడోది హల్గీ. మన డప్పు చెల్లెలే కదా అది. మంట మీద కాచుకుంటేనే తోలు బిగుస్తుంది, గొంతు విప్పుతుంది. కార్పెట్ మీద ఏ మేనేజర్ మంట వేయనిస్తాడు? హల్గీని సదిలిన గొంతుతో వాయించమని, ఆపైన మార్కులు వేస్తామని అంటే ఆ వాయించేవాడిని అవమానించినట్టే.

నాలుగోది, నాకు అన్నిటికంటే పెద్దది: ఎవరు చూస్తారు? మైదానంలో పోటీ పెడితే మరమగ్గం షిఫ్ట్ దిగిన అన్న సైకిల్ ఆపి కంచె దగ్గర నిలబడతాడు. బీడీలు కార్ఖానాలో అప్పగించి వచ్చే అక్కలు పిల్లల్ని చంకనేసుకుని చూస్తారు. తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, కన్నడంవాళ్లు అందరూ చూస్తారు. ఎవరూ పాస్ అడగరు. అదే హాల్లో అయితే పాసులుంటాయి, కుర్చీలుంటాయి, ముందు వరుస దాతలకుంటుంది, గుమ్మం దగ్గర ఒక మనిషుంటాడు. చెప్పులు చూసి పంపించే మనిషి. మన పిల్లలు రెండు నెలలు వాయించేది ఆ కంచె దగ్గరి అన్న కోసం, ఆ అక్క కోసం. వాళ్లు లేని చోట పోటీ పెడితే అది మన పోటీ కాదు, మన ఫంక్షన్ అవుతుంది.

రాత్రి పది తర్వాత మైకులకు, వాయిద్యాలకు ఆరుబయట నిషేధం ఉందని, అందుకే హాలు అని ఒక అన్న అన్నాడు. నిజమే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అవే చెబుతాయి. దానికి మందు హాలు కాదు, గడియారం. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి బహుమతులిచ్చి ఇళ్లకు పోదాం. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే ఆయన లేకుండానే మొదలుపెడదాం.

కాబట్టి ఆదివారం నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది:

1. పోటీలు మైదానంలోనే. మరుసటి రోజు రిజర్వు తేదీగా ఇప్పుడే ప్రకటించాలి.

2. ఉరుము వినిపిస్తే వెంటనే ఆపాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఈ నిర్ణయం వేదిక మీది పెద్దలది కాదు, మైదానంలో ఉన్న ఒక్క మనిషిది. ఆయన పేరు ముందే రాసి పెట్టాలి.

3. హాలు అద్దెకు అనుకున్న డబ్బుతో జట్లకు షామియానా, తాగునీళ్లు, ఓఆర్‌ఎస్, ఒక డాక్టర్, వృద్ధులకు కుర్చీలు. ఈ ఏర్పాటు పోటీ రోజుతో పాటు ప్రాక్టీస్ రోజుల్లో కూడా ఉండాలి.

4. హల్గీ జట్లకు మంట కాచుకునే చోటు, పక్కన నీళ్ల బక్కెట్లు.

5. హాల్లో ఏదైనా చేయాలన్న ఉత్సాహం యువజన విభాగానికి ఉంటే చలికాలంలో చిన్న జట్లతో వేరే పోటీ పెట్టండి. మొదటి చందా నాది.

అమెరికా వాళ్ల దగ్గర పది నిమిషాల్లో తెరుచుకునే కప్పు ఉంది. వాళ్లు తెరవరు. మన దగ్గర కప్పే లేదు, అది మన అదృష్టం. ఉన్న ఆకాశాన్ని వదిలి, అద్దె కట్టి మరీ కప్పు కిందికి పోదామా? చేయి ఎత్తే ముందు ఆ కంచె దగ్గరి మనిషిని ఒక్కసారి తలుచుకోండి.

వేరే అభిప్రాయం ఉన్నవాళ్లు కింద రాయండి, జవాబు చెబుతాను. ఫార్వర్డ్ వీడియోలు మాత్రం వద్దు.

జై మార్కండేయ.