తీర్పు చెప్పేవారికీ ఒక తీర్పు కావలెను

క్రీడారంగంలో జయాపజయాలు సహజములు. ప్రత్యర్థి బలానికి ఓడినవాడు మరల సాధన చేసి తిరిగి వస్తాడు. తీర్పు చేత ఓడినవాడు ఏమి సాధన చేయాలి? ముష్టియుద్ధ చరిత్రలో ఈ ప్రశ్న పదేపదే తలయెత్తింది.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో లైట్ మిడిల్ వెయిట్ అంతిమ పోటీని తీసుకొందాం. అమెరికా యువకుడు రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలించగా, ఆతిథ్య దేశపు పార్క్ సి-హున్ తగిలించినవి 32 మాత్రమేనని లెక్క తేలింది. అయినను ఐదుగురు న్యాయనిర్ణేతలలో ముగ్గురు పార్క్ వైపు మొగ్గారు. విచిత్రమేమనగా, ఆ క్రీడలలో ఉత్తమ బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ ఓడిన జోన్స్‌కే దక్కింది! లంచానికి ఆధారం లేదని 1997లో ఒలింపిక్ సంఘం తేల్చింది. పార్క్ తానే అమెరికా వెళ్ళి ఆ స్వర్ణ పతకాన్ని జోన్స్‌కు అప్పగించినట్లు 2025లో లోకానికి తెలిసింది. సంస్థ చేయలేని న్యాయాన్ని ఒక వ్యక్తి చేశాడు.

న్యాయనిర్ణేతలూ మానవమాత్రులే గదా అని కొందరనవచ్చు. నిజమే. ఒకరు దెబ్బల సంఖ్యను, మరొకరు బలాన్ని, వేరొకరు చొరవను మెచ్చవచ్చు. 1999 మార్చిలో న్యూయార్క్‌లో లెనాక్స్ లూయిస్, హోలీఫీల్డ్‌ల పోటీకి ముగ్గురు న్యాయనిర్ణేతలు మూడు విధాల ఫలితం చెప్పగా, అది సమానంగా ముగిసింది. అభిప్రాయభేదం నేరం కాదు. కారణం చెప్పనక్కరలేని అభిప్రాయమే ప్రమాదకరం.

సియోల్ అనుభవం తరువాత 1992లో బార్సిలోనాలో మీట నొక్కి పాయింట్లు ఇచ్చే పద్ధతి వచ్చింది. కాని మీట నొక్కేది మనిషి వేలే! కాలక్రమాన ఆ పద్ధతిని విడిచిపెట్టారు. 2016 రియో క్రీడలలో ఫలితాలను తారుమారు చేసే ఏర్పాటు ఉండెనని 2021లో మెక్‌లారెన్ విచారణ వెల్లడించింది.

మన దేశపు ఉదాహరణ మరింత బాధాకరం. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో ఓడినట్లు ప్రకటింపబడిన మణిపురి వనిత సరితాదేవి, కన్నీటితో తన కాంస్య పతకాన్ని ప్రత్యర్థి మెడలో వేసింది. ఆమెపై ఒక సంవత్సరం నిషేధం విధించారు. బహుమతి వేదికపై మర్యాద అవసరమే. అయితే ప్రశ్నించే ద్వారాన్ని మూసివేసి, తలుపు తట్టినవారిని శిక్షించుట క్రమశిక్షణ అనిపించుకోదు.

నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ విజేత అయినప్పుడు ఐదుగురు న్యాయనిర్ణేతలూ ఏకకంఠంతో ఆమెనే గెలిపించారు. అట్టి తీర్పు ముందు తల వంచుటకు ఓడినవారికీ సంకోచముండదు.

ఉర్దూలో ఇన్సాఫ్ అన్నా, తెలుగులో న్యాయమన్నా అది జరుగుట ఎంత ముఖ్యమో, జరిగినట్లు కనబడుట అంత ముఖ్యం. కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన వక్తృత్వ, వ్యాసరచన, బైత్‌బాజీ పోటీలలో ప్రతి న్యాయనిర్ణేత వేసిన మార్కులను నోటీసు బోర్డుపై ఉంచవలెను. నిర్ణయానికి కారణం రెండు వాక్యాలలోనైనా తెలుపవలెను. ఓడిన విద్యార్థి అభ్యంతరం చెప్పుకొనుటకు ఒక రోజు గడువు ఇవ్వవలెను. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. దీనివల్ల గెలిచినవారి బహుమతికీ గౌరవం పెరుగుతుంది.