గీత గీసినవాడిదే గెలుపు

"నాన్నా, ఈ నియోజకవర్గమేంటి ఇలా వంకర్లు తిరిగింది?" మన పెన్సిల్వేనియా పాత మ్యాపు చూసి మా అమ్మాయి అడిగింది.

వంటింటి భాషలో చెప్పాను. కాలనీలో 25 ఇళ్ళు. 16 ఆవకాయ పార్టీ, 9 గోంగూర పార్టీ. అయిదేసి ఇళ్ళకో సీటు. గీతలు గీసే పెన్సిలు గోంగూర చేతికొస్తే, తన ఇళ్ళను మూడు సీట్లలో మూడేసి చొప్పున సర్దుకుంటుంది. ఇంకేముంది, 5 సీట్లలో 3 గోంగూరవే!

1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ ఆమోదించిన మ్యాపులో ఒక నియోజకవర్గం బల్లిలాంటి సాలమాండర్‌ను తలపించింది. 'జెర్రీమాండరింగ్' పేరు అలా పుట్టింది.

2016లో మన రాష్ట్రంలోని 18 కాంగ్రెస్ సీట్లలో 13 రిపబ్లికన్లవి. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ మ్యాపు కొట్టేసింది. ఆ ఏడాది గాలీ మారిందనుకోండి, కొత్త గీతలతో చెరి 9 వచ్చాయి. 2019లో అమెరికా సుప్రీంకోర్టు మాత్రం, పార్టీ లాభానికి గీసిన గీతల తగువు ఫెడరల్ కోర్టులు తీర్చేది కాదని 5-4తో తేల్చింది. రాష్ట్రాల కోర్టుల తలుపులు మూయలేదు.

"మరి ఆ జడ్జిలను ఎవరు పెడతారు?" అంది.

"ఇక్కడ ఓటర్లేనమ్మా."

నిజం చెప్పొద్దూ, ఇన్నాళ్ళూ బ్యాలెట్‌లో జడ్జిల పేర్లు చదవకుండా వదిలేసేవాణ్ణి. ఇకమీదట వదలను.