టులెట్ బోర్డు కింద మన గోస

జనగామ జిల్లా కావాలని 2016లో ఆ ఊరు ఎట్లా కొట్లాడిందో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది అక్టోబర్ 11న జిల్లా వచ్చింది. 2022 ఫిబ్రవరిలో కొత్త కలెక్టరేట్ తెరిచారు, 2023లో మెడికల్ కాలేజీ మొదలైంది. సంతోషమే. మరి కొలువు మీద వచ్చిన గుమస్తా, చదువుకొనేందుకు వచ్చిన పిల్లవాడు రాత్రికి ఎక్కడ తలదాచుకోవాలి? జిల్లా ఇచ్చినవాళ్లు ఈ ప్రశ్న వేసుకోలేదు. అడిగి తెచ్చుకున్న మనమూ వేసుకోలేదు.

మొన్న ఒక మిత్రుడి కోసం ఆ ఊర్లో రెండు రోజులు కిరాయి ఇల్లు వెతికాం. ఆయన ఔట్‌సోర్సింగ్ అటెండర్. ఈ కొలువులకు 2021లో సర్కారు ఖరారు చేసిన కింది మెట్టు జీతం నెలకు 15,600. హెచ్‌ఆర్‌ఏ ఊసే లేదు. రెండు గదులు, బయట బాత్‌రూం, కిరాయి ఆరు వేలన్నారు. మూడు నెలల అడ్వాన్స్, కరెంటు వేరు, నీళ్ల మోటారు వేరు. జీతంలో మూడో వంతుకు పైనే గోడలకు పోతే బియ్యం దేంతో కొనాలి? పర్మినెంట్ ఉద్యోగులూ సుఖంగా ఏమీ లేరు. అదే 2021 పీఆర్‌సీలో చిన్న ఊళ్ల హెచ్‌ఆర్‌ఏ 12 నుంచి 11 శాతానికి దిగింది. అందుకే ఎంతోమంది హైదరాబాద్ నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేస్తున్నారు. పోను 85 కిలోమీటర్లు, రాను 85. సాయంత్రం బండి టైముకు కుర్చీ ఖాళీ అయితే తిట్టేది వాళ్లనే.

పైసలు ఉన్నా ఇల్లు దొరకదు. అడ్వాన్స్ కన్నా ముందు వచ్చే ప్రశ్న, ‘మీరు ఏమోళ్లు?’ జవాబు నచ్చకపోతే ఇల్లు అప్పటికే ఎవరికో మాటిచ్చినట్టు అవుతుంది. మర్నాడు పొద్దున ఆ బోర్డు అక్కడే వేలాడుతుంటుంది. ముస్లిం పేరు చెబితే ఇదే వరుస, పెళ్లికాని పోరగాళ్లకూ ఇదే వరుస. ఇట్లా అడిగేవాళ్లలో నిన్న మనతో ధర్నాలో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఈ మాట రాయడానికి మాకు సిగ్గుగానే ఉంది.

చట్టం లేదా అంటే ఉంది, 1960 నాటిది. 2005 సవరణ కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా ఊళ్లలో 2,000 దాటిన కిరాయి ఇళ్లను దాని నుంచి తప్పించింది. ఇవాళ రెండు వేలకు జనగామలో పశువుల కొట్టమైనా వస్తుందా? రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోవద్దని కేంద్రం 2021లో నమూనా చట్టం పంపింది. ఇంటి ఓనర్లకు ఆ కబురు అందలేదు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లలోనూ ముందు వరుస సొంత జాగా ఉన్నవాళ్లదే.

ఇంకొకటి. కిరాయిదారు దవాఖానలో కన్నుమూస్తే శవాన్ని ఇంటికి తేవద్దనే ఓనర్లు మన పట్టణాల్లో తక్కువ లేరు. అరిష్టమట! అయినవాళ్లు వచ్చేదాకా రోడ్డు పక్క టెంటు వేసుకుని కూర్చున్న కుటుంబాలను చూశాం. ఊరూరా వైకుంఠధామాలు కట్టిన సర్కారు, ప్రతి పట్టణంలో అక్కడే ఒక గది, నాలుగు కుర్చీలు, ఒక ఫ్రీజర్ పెట్టలేదా? జనగామ మున్సిపాలిటీ దీన్ని ఈ నెలలోనే మొదలుపెట్టాలని మేం అడుగుతున్నాం.