వేధింపుల వేళ్ళు ఎక్కడున్నాయి?

పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ళు చాలామంది అది ఎవడో ఒక చెడ్డవాడి బుద్ధి అని తీర్పు చెప్పి ఊరుకుంటారు. నేను దీనితో ఏకీభవించను. ఎదుటి మనిషి బతుకుతెరువు తన చేతిలో ఉందన్న ధీమా నుంచి ఈ వేధింపులు పుడతాయి. దానికి కులం, మగ పెత్తనం తోడైతే అడిగే దిక్కుండదు.

భన్వరీ దేవి ఉదంతమే చూడండి. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ఆమె ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో కార్యకర్త, కుమ్మరి కులస్తురాలు. 1992లో తనకంటే బలమైన కులపు ఇంట్లో బాల్యవివాహాన్ని ఆపబోయింది. అది ఆమె ఉద్యోగంలో భాగం. అందుకు ప్రతీకారంగా ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు అత్యాచారం జరగలేదంది. పైకులం మగవాళ్ళు కిందికులం స్త్రీని ముట్టుకోరన్నది అందులోని ఒక వాదన! మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెక్కితే 1997లో విశాఖ తీర్పు వచ్చింది. (విశాఖ అంటే మన ఊరు కాదు, పిటిషన్ వేసిన సంస్థ పేరు.) చట్టం రావడానికి మరో 16 ఏళ్ళు పట్టింది.

2013 నాటి ఆ చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. మిగిలినవాళ్ళకు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళతో సహా, జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉండాలి. అమలులో తీవ్రమైన లోపాలున్నాయని 2023లో సుప్రీంకోర్టే అంది. మిరపకాయల కోతకు వెళ్ళే కూలీ ఫిర్యాదు చేస్తే, మేస్త్రీ రేపు పనికి పిలవడు. పూట గడవని మనిషికి చట్టం ఎంత దూరం?

ఇక్కడ అమెరికాలో మన పరిస్థితి మరీ అంత భిన్నమా? 1964 పౌరహక్కుల చట్టం కింద లైంగిక వేధింపులు కూడా వివక్షేనని ఇక్కడి సుప్రీంకోర్టు 1986లో తేల్చింది. కానీ హెచ్‌-1బి మీద ఉన్న అమ్మాయికి ఉద్యోగం పోతే సాధారణంగా మిగిలేది మహా అయితే 60 రోజులు. ఆ లెక్క ఆమెకు తెలుసు, మేనేజరుకూ తెలుసు. పైగా "పరువు పోతుంది, సర్దుకుపో" అనే సలహా ఇంటినుంచే వస్తుంది.

కాబట్టి చట్టాలతో పాటు ఉద్యోగ భద్రత, కూలీల సంఘాలు, యజమాని దయ మీద ఆధారపడని వీసాలు కావాలి. మండల స్థాయిలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలని చట్టమే చెబుతోంది. ఆ అధికారి ఎవరో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి కూలీకీ తెలిసేలా ప్రకటించమని మనం అడగాలి. మన ఆఫీసుల్లో ఎవరైనా నోరు విప్పితే, మగ సహోద్యోగులు సాక్ష్యానికి ముందుకు రావాలి. అది దయ కాదు, మన బాధ్యత.