ట్రిలియం కావాలంటే ఏడేళ్లు ఆగాలి

కెనడాలోని ఒంటారియో 1937లో తెల్ల ట్రిలియంను తన అధికార పుష్పంగా ప్రకటించుకుంది. మూడు ఆకులు, మూడు రేకులు. ఏప్రిల్ చివర మొదలై మే నెలంతా మేపుల్ చెట్ల కింద తెల్లగా పరుచుకుంటుంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు గోంగూర మడితో పాటు పెరటి చెట్ల నీడన దీన్నీ పెంచాలనుకుంటే ఎంతో మంచిదే. అయితే ఆ మొక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా మాత్రం కొనకూడదు.

ఎందుకంటే దీని పెరుగుదల చాలా నిదానం. వేసవిలో రాలిన గింజ ఒక చలికాలం గడిచాక నేలలో వేరు మాత్రమే వేస్తుంది. రెండో చలికాలమూ దాటాకే మొలక పైకి వస్తుంది. కొన్నాళ్లు ఒంటి ఆకుతో బతికి, తర్వాత మూడాకులు తొడిగి, పువ్వు పూసేసరికి ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. గింజలను చేరవేసేది ముఖ్యంగా చీమలు. గింజకు అంటుకుని ఉండే కొవ్వు ముద్ద కోసం పుట్టకు మోసుకెళ్లి, అది తినేసి గింజను వదిలేస్తాయి. చీమ ఎంత దూరమని మోస్తుంది? అందుకే ఒకచోట తవ్వేస్తే ఆ జాగా మళ్లీ నిండడం ఓ తరం పని. అన్నేళ్లు సాకిన మొక్కను ఏ నర్సరీ అయినా కారుచౌకగా ఎలా అమ్మగలదు? చవగ్గా దొరికితే అడవిలో తవ్వి తెచ్చిందని అనుమానించాల్సిందే. ‘నర్సరీలో పెరిగింది’ అన్న మాటా చాలదు, అడవి దుంపను ఒక్క ఏడాది కుండీలో ఉంచినా ఆ మాట అనొచ్చు.

ఏడేళ్లు ఎవరు ఆగుతారంటారు. మామిడి టెంక నాటినవాళ్లు ఆగలేదా? ఆగలేనివాళ్లు గింజ నుంచి పెంచిన మొక్కలు రెండు కొని, వాటి గింజల్ని ఎండనివ్వకుండా వెంటనే చల్లుకోవచ్చు. రాలిన ఆకుల్ని ఊడ్చేయకుండా వదిలితే చాలు, దానికి కావలసిన మెత్తటి నేల అదే తయారవుతుంది. ఇళ్ల కోసం చదును చేసే అడవిలోంచి తెస్తే తప్పేమిటన్నది ఇంతకంటే బలమైన ప్రశ్న. స్థలం యజమాని అనుమతితో, నిజంగా బుల్డోజర్ రాబోతున్న చోట తీస్తే తప్పులేదు. పక్కన నిలిచి ఉండబోయే అడవికి ఆ సాకు వర్తించదు. ఒంటారియోలో ఈ పువ్వును ఎక్కడ కోసినా నేరమని చాలామంది నమ్ముతారు గానీ, అలాంటి చట్టం లేదు. ప్రాంతీయ పార్కుల వంటి చోట్లే నిషేధం. మిగతా అడవికి కొనేవాళ్ల పట్టుదలే కాపలా. ఇది గింజ నుంచి మొలిచిందా, ఏ ఏడాది మొలిచింది అని అడగండి. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే ఆ మొక్కను అక్కడే వదిలేయండి.